తెర మీద అట్టముక్క

బావకు,

మొన్న నీ దుకాణంలో చెక్క కోసే యంత్రం కంప్యూటర్ తెర అడుగున అట్టముక్క అంటించి ఉంది. "రోజూ అదే హెచ్చరిక. విసుగొచ్చి మూసేశా" అన్నావు. ఆ హెచ్చరిక రాసింది నేనే, బావా.

నీ యంత్రం కంప్యూటర్‌తో మాట్లాడే పద్ధతి పాతది. కంప్యూటర్‌ను లోపలి నుంచి నడిపే ప్రోగ్రాం, కెర్నెల్, రాసే జట్టులో నేనొకణ్ణి; ఆ పద్ధతిని అందులోంచి తీసేస్తున్నాం. కొత్త కెర్నెల్ నీ కంప్యూటర్‌లోకి ఎక్కిన రోజు నీ యంత్రం ఆగిపోతుంది.

ఆ పాత పద్ధతిని ఎవరైనా వాడుతున్నారా అని ఆ హెచ్చరికలోనే రెండేళ్లుగా అడుగుతున్నాం. ఒక్కరూ పలకలేదు. ఒక్కడు వాడుతున్నా ఉంచాలన్నది మా నియమం. నేను చెబితే చుట్టం కోసం అంటారు. శుక్రవారంలోగా నువ్వే వాడుతున్నానని మా జట్టుకు నాలుగు ముక్కలు రాయి. చుట్టరికం ఎత్తకు.

రాయకపోతే సోమవారం నా చేతులతోనే తీసేస్తాను. అక్కకు ముందే చెప్పి ఉంచు.

నీ బావమరిది