ఎర్ర పెన్సిలు దిద్దిన తెలుగు

తార్నాక,
14 సెప్టెంబరు 1968

రూతుకు,

దేవుని దయవల్ల ఇక్కడ నా ఒంట్లో కుదురుగానే ఉంది. బాపట్లలో నువ్వూ, పిల్లలూ, అత్తయ్యగారూ బాగున్నారని నీ ఉత్తరం చూసి నెమ్మదించాను.

ఇంగ్లీషు లాటిన్ నుంచి పుట్టిందని మీ బడిలో చెప్పవచ్చా అని అడిగావు. చెప్పకు. మంగళవారం యూనివర్సిటీలో ఒక ప్రొఫెసర్ ఉపన్యాసం విన్నాను. నేను అద్దెకున్న ఇంటివాళ్ల అబ్బాయి రాజలింగు అక్కడే ఎం.ఏ. చదివాడు కదా, పట్టుబట్టి తీసుకెళ్లాడు. ఫ్రెంచి, ఇటాలియన్ లాటిన్ బిడ్డలు. ఇంగ్లీషు మాత్రం జర్మన్, డచ్చి భాషల తోబుట్టువు. తొమ్మిది వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లండును ఏలారు. కోర్టు, జస్టిస్, గవర్నమెంటు లాంటివి అలా చేరాయి. నిఘంటువులో సగానికి పైగా లాటిన్, ఫ్రెంచి మాటలే. అయినా మదర్, వాటర్, హ్యాండ్, హౌస్ జర్మన్‌లోనూ దాదాపు అవే.

రాజలింగు లేచి అడిగాడు: "సార్, సగం మాటలు బయటియైతే అది ఇంగ్లీషెట్లయితది?"

"మాటలు లెక్కపెట్టకు. తల్లి బిడ్డతో ఏ మాటల్లో మాట్లాడుతుందో చూడు. వాక్యం దేనిమీద నిలబడిందో చూడు" అన్నాడాయన.

రాజలింగు ఉద్యోగం సంగతీ అడిగావు. రాలేదు. వాళ్లమ్మ లింగమ్మగారు రోజూ అడుగుతారు, "సారూ, మా పిలగాని నౌకరి ఏమాయె?" అని. "చూస్తున్నారమ్మా" అంటూ వచ్చాను. అది అబద్ధం. మా పత్రికలో సబ్ ఎడిటర్ ఉద్యోగానికి పెట్టిన అనువాద పరీక్ష కాగితాలు దిద్దింది నేనే. రాజలింగు 'దవాఖాన' అని రాస్తే కొట్టేసి 'ఆసుపత్రి' అని దిద్దాను. కింద 'ఇది తెలుగు కాదు, సగం ఉర్దూ' అని రాసి ఫెయిల్ చేశాను. ఆ రోజు నా వార్తలోనే జిల్లా, తహసీల్దారు, దరఖాస్తు అనే ఉర్దూ మాటలు ఉన్నాయి. ఆసుపత్రికి మూలం లాటిన్ అని ఉపన్యాసమయ్యాక ప్రొఫెసర్‌ను అడిగి తెలుసుకున్నాను. అతని అనువాదంలో తప్పు ఒక్కటీ లేదు.

బుధవారం ఎడిటర్‌కు నా తప్పు చెప్పాను. అప్పటికే వేరే మనిషిని తీసుకున్నారు. సాయంత్రం మెట్టుగూడ హోటల్లో టీ తాగుతూ రాజలింగుకు చెప్పాను.

"నాకెర్కనే సార్. కాగితం వాపసొచ్చిననాడే మీ రాత గుర్తువట్టిన. దినాం మీ కార్డులు పోస్టుడబ్బల ఏసేది నేనే గద."

"మరి అమ్మకు చెప్పలేదా?"

"చెప్తే మీకు మా అమ్మ పంపే సర్వపిండి రొట్టె బందయితది."

"నన్ను ఆ ఉపన్యాసానికి ఎందుకు తీసుకెళ్లావు?"

"రిపోర్టర్ గద సార్. రాస్కుంటరని."

మూడు రోజులైంది, లింగమ్మగారికి ఇంకా చెప్పలేదు. ఇప్పుడే కింది నుంచి పిలుస్తున్నారు, సర్వపిండి అయిందట. ముందు చెబుతాను. తినడం తర్వాత, ఆమె పెడితే. ఈ ఉత్తరం నేనే డబ్బాలో వేస్తాను.

ఇట్లు,
సిగ్గుతో,
నీ పిల్లల తండ్రి
ప్రభుదాసు