కంప్యూటరుకు నువ్వల్లిన ఊలు కవరు

ఆ రోజు పొద్దున నువ్వు కంప్యూటరు డబ్బా తుడిచి, దుమ్ము పడకుండా నువ్వల్లిన ఊలు కవరు ఎప్పట్లాగే తొడిగావు. మధ్యాహ్నం ఛాతీలో నొప్పన్నావు. ఆసుపత్రి నుంచి నేనొక్కణ్ణే తిరిగొచ్చాను.

ఏడాదిగా ఆ కవరు తీయలేదు. డబ్బాలోని ఫ్యాను హోరు మాత్రం పెరిగింది. ఇవాళ మీ తమ్ముడొచ్చి నవ్వాడు.

"ఏటి బావా, ఇది కంప్యూటరా, పిండిమరా? ఇలా కప్పీసి ఉంచితే గాలెలాగాడతాది?"

"మీ అక్క అల్లిందిరా. పారేయకు."

"పారేత్తానేటి? అక్క ఊరుకుంటాదా!"

డబ్బా విప్పి, ఫ్యాను రెక్కలకు పట్టిన నీలం ఊలు నూగును బ్రష్షుతో దులిపాం. డబ్బాను గోడకు జానెడు ఇవతలికి జరిపాం. ఇప్పుడది నడుస్తోందో లేదో లైటు చూసి తెలుసుకోవాలి. ఆ హోరుకు నన్నే తిట్టేదానివి. తప్పు నీ కవరుదే!

నీ కుట్టుమిషనుకు గాలి అక్కర్లేదు. రేపు పొద్దున కవరు ఉతికి, ఆరాక దానికి తొడుగుతాను.