పక్క సీటు బరువు

ఆదివారం రాత్రి

నా పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు ముందు చక్రాల స్ప్రింగులు ఏవి వేయించాలో ఇంకా తేల్చుకోలేదు. గట్టివి వేస్తే దుండిగల్ రోడ్డులో ప్రతి గుంటా నడుముకు తగులుతుంది. మెత్తవి వేస్తే స్పీడ్ బ్రేకర్లకు కారు అడుగు రాసుకుంటుంది.

మేడ్చల్‌లో మెకానిక్ యూసుఫ్ భాయ్ అడిగాడు. "మీరొక్కరే కూసుంటరా సార్, మేడం గూడ కూసుంటరా? ఒక్కరైతే మెత్తయి నడుస్తయి."

"ఇద్దరం" అనేశాను.

పోయిన నెల ఇద్దరం వెళ్తుంటే శామీర్‌పేట దగ్గర బ్రేకు పడలేదు. అప్పటి నుంచి నా భార్య సుజాత ఆ కారు తలుపు కూడా ముట్టుకోలేదు. బ్రేకులు బాగుచేయించినా సరే. అన్నం తినేటప్పుడు భయపడుతూనే అడిగాను, ఏ స్ప్రింగులు వేయించమంటావని.

"గా కారు ఆగుతదా ఆగదా, ముందుగాల గది చెప్పు" అంది.

రేపు యూసుఫ్ భాయ్‌కి ఫోన్ చేసి, మెత్తవే చాలని చెప్పాలా? చెబితే ఆ సీటు ఇక ఖాళీయేనని నా నోటితో నేనే...