తడిబట్ట పరీక్ష

కోదాడలో ఉన్న అన్నకు, మస్కట్ నుంచి నీ చెల్లి రేణుక దండాలు పెట్టి రాస్తున్నది.

నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, నా గురించి రంది పెట్టుకోకు. నీ నడుం నొప్పి తగ్గిందా? షెడ్డులో బండ్ల కింద దూరేటప్పుడు గోనెసంచి పరుచుకో, ఉత్త నేల మీద పడుకోకు. వదిన మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఫోన్ ఉండగా ఉత్తరమెందుకంటావేమో. ఫోన్లో నువ్వు "ఆఁ, మంచిదే, ఇగో మీ వదినతోని మాట్లాడు" అని ఇచ్చేస్తావు. కాగితాన్నయితే నువ్వే చదవాలి గదా. ఇక్కడే పని చేసే పెన్‌పహాడ్ సైదమ్మ సెలవు మీద వస్తోంది, ఆమె చేత పంపుతున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేత నాకొక సీసా చింతకాయ తొక్కు పంపండి. కారం తగ్గించొద్దని వదినకు చెప్పు.

ఇక్కడి ఎండలు మన మిర్యాలగూడ ఎండలకు పెద్దమ్మలు. వంట పని అలవాటైంది. మేడం మంచిదే.

అసలు సంగతి ఆమె కారు. పొద్దున తాళం తిప్పగానే స్టార్టవుతుంది. బజారుకు పోయి ఆపి, పావుగంటకు మళ్ళీ తిప్పితే మాత్రం మొరాయిస్తుంది. గంట చల్లారితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. గ్యారేజీవాళ్ళు బ్యాటరీ మార్చారు, తర్వాత సెల్ఫ్ మోటారు మార్చారు. లాభం లేదు. డ్రైవర్ బషీర్ కేరళ మనిషి. నెపం తన మీదికి వచ్చి ఉద్యోగం పోతుందని పాపం అన్నం కూడా సరిగా తినలేదు.

మన అమ్మ అంటుండే మాట గుర్తొచ్చి, "బండికి వేడి చేసింది" అని నాకొచ్చిన హిందీలో మేడంకు చెప్పాను. నాకే జ్వరమొచ్చిందనుకుని ఆమె గోలీ ఇచ్చింది. వంటింట్లోకి పోయి నవ్వుకున్నాను. నవ్వి నవ్వి ఏడుపొచ్చింది అన్నా. ఆ మాటకు నాతో కలిసి నవ్వేవాళ్ళు ఇక్కడ ఒక్కరూ లేరు.

మర్నాడు బజారు నుంచి రాగానే బండి ఆపించి, పావుగంట ఆగి, బషీర్‌ను తాళం తిప్పమన్నాను. సెల్ఫ్ గట్టిగానే తిరిగింది, ఇంజనే అందుకోలేదు. అంటే బ్యాటరీ తప్పు కాదు. వెనక సీటు కింద పంపు జుయ్యిమంటోంది, పెట్రోలుకూ ఢోకా లేదనిపించింది. ఇక నీ తడిబట్ట పరీక్షే మిగిలింది. "ఒక్కొక్కదాన్ని సల్లగ జేసి సూడాలె. తప్పు జేసింది సల్లబడంగనే ఇంజన్ అందుకుంటది" అనేవాడివి. చేతులు కాలకుండా వంటింటి పట్టకారుతో తడిబట్ట పట్టుకుని ఇంజను పైనున్న ఒక సెన్సర్ మీద పెట్టాను. స్టార్టవలేదు. తర్వాత కింద, గేరుబాక్సు పక్కన, ఇంజను తిరుగుడు కనిపెట్టే సెన్సర్ మీద పెట్టి ఐదు నిమిషాలు ఆగాను. అందుకుంది. ఇంకోసారి వేడెక్కించి చూశాం, మళ్ళీ అదే. ఆ చిన్న ముక్క మార్చాక ఇప్పటిదాకా ఒక్కసారీ మొరాయించలేదు.

ఎక్కడ నేర్చుకున్నావని బషీర్ అడిగాడు. మా అన్న షెడ్డులో అన్నాను. నువ్వు నేర్పలేదు, నిజమే. టీ తెచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా గుమ్మంలో నిలబడి నేర్చుకున్నాను. నువ్వు నెమ్మదిగా తాగిన రోజు ఎక్కువ నేర్చుకునేదాన్ని.

నా కాపురం చెడి తిరిగొచ్చినప్పుడు, నీతో పాటు షెడ్డులో పని చేస్తానన్నాను. "హైవే మీద షెడ్డు, ఆడపిల్లవు, నలుగురు నవ్వుతరు" అన్నావు. కోపం రాలేదని అబద్ధం చెప్పను. ఆ కోపంతోనే ఇంత దూరమొచ్చాను. ఇప్పుడు కోపం లేదు, బెంగే ఉంది. సాయంత్రం షెడ్డు ముందు నీళ్ళు చల్లితే డీజిలు కలిసిన మట్టి వాసన వచ్చేది, హుజూర్‌నగర్ బస్సు హారన్ కొడుతూ పోయేది. అన్నీ గుర్తొస్తున్నాయి.

ఈ ఎండలు తగ్గేసరికి నా గడువు అయిపోతుంది. ఇంకో రెండేళ్ళు ఉండమని మేడం అడుగుతోంది. నువ్వు రమ్మంటే వచ్చేస్తాను. ఇంట్లో వంటకు కాదు, షెడ్డుకు.

ఉత్తరం రాయడం నీకు బద్ధకమని తెలుసు. నన్ను షెడ్డుకు రానిస్తానంటే, తొక్కు సీసాను నువ్వు చేతులు తుడుచుకునే గుడ్డలో చుట్టి పంపు. ఉత్త కవర్లో వస్తే ఇక్కడే ఉండిపోతాను, నిన్నేమీ అనను.

వదినకు, పక్కింటి పెద్దవ్వకు నా దండాలు. నీ దీవెన కోరుతూ,

చెల్లి రేణుక

గుడ్డ చుడితే మాత్రం దాన్ని ఉతకకు అన్నా.