అడాప్టరు గోడకు పెట్టావా?

చిరంజీవి చిట్టికి నానమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమమని మొదట రాయడం మర్యాద కాబట్టి రాశాను. ఎంతవరకు నమ్మాలో చివరిదాకా చదివి నువ్వే తేల్చుకో.

ఫోన్ ఉండగా ఈ కాగితాలేమిటని అడిగావు. పక్షవాతం మీ తాతయ్య మాటనూ కుడిపక్కనూ తీసుకుపోయింది గాని, చెవులను మాత్రం వదిలేసింది. ఈ రెండు గదుల్లో ఎక్కడ గుసగుసలాడినా ఆయనకు వినబడుతుంది.

నువ్విచ్చిన పాత లాప్‌టాప్‌లో సొంత స్పీకరూ కెమెరా పోయాయి, తీగలు తగిలించే పోర్టు కూడా పనిచేసేది ఒక్కటే కదా. పెద్ద అక్షరాల కీబోర్డు పెడితే స్పీకరుకు చోటు లేదు. స్పీకరు పెడితే, మాట నేర్పే డాక్టరమ్మ అక్కడినుంచి ఆయన్ని చూడటానికి కెమెరాకు చోటు లేదు. ఒకరు నోరు విప్పితే మిగతావాళ్లు మూసుకోవాలి. మన ఇంటి పద్ధతి దానికెవరు చెప్పారో! అందుకేగా నువ్వు ఆ నాలుగు పోర్టుల హబ్ పంపావు.

"లాప్‌టాప్ ఇచ్చే కరెంటు అన్నిటికీ చాలదు నానమ్మా, హబ్ అడాప్టరు గోడకు పెట్టావా?" అని రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. పిల్లలకు కరెంటు పాఠం చెప్పి రిటైరైనదాన్ని. ఒక్క గ్లాసు పాలు నలుగురికి పోస్తే ఎవరి గొంతూ తడవదని నాకు తెలియదా? అయినా హబ్ ఒక్కరోజు పనిచేసి పాడైపోయిందని మీ నాన్నకు నేనే చెప్పాను. ఆదివారం వచ్చి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "పోయిందమ్మా, కొత్తది తెప్పిద్దాం" అన్నాడు. పుచ్చకాయ కొనేవాడు కూడా అంతకన్నా శ్రద్ధగా చూస్తాడు.

పోనీ కీబోర్డు ఒక్కటైనా నేరుగా పెట్టొచ్చుగా అంటావు. పెట్టొచ్చు. నేను పెట్టడం లేదు.

హబ్ పాడవలేదు చిట్టీ.

మొదటి రోజు అన్నీ తగిలించగానే పచ్చ దీపం వెలిగింది. మీ తాతయ్య ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కారు. నొక్కినదాన్ని చదివిపెట్టే ఎవరో ఆడపిల్ల గొంతు స్పీకరులోంచి "ఫ్యాను తగ్గించు" అంది. మీ నాన్న చప్పట్లు కొట్టాడు. "ఇన్నాళ్లకు నోరొచ్చింది నాకు పని చెప్పడానికా?" అన్నాను. ఆయన నవ్వారు, ఉన్న సగం మొహంతోనే.

మీ నాన్న వెళ్లిపోయాక మళ్లీ నొక్కడం మొదలుపెట్టారు. నేను దుప్పట్లు మడతపెడుతున్నాను.

"పంతులమ్మా, ముక్కులో ఈ తిండి గొట్టం తీయించు. చాలు. నన్ను పోనీ."

అదే ఆడపిల్ల గొంతు. ఫ్యాను సంగతి చెప్పినట్టే చెప్పింది.

నేను వెళ్లి గోడ దగ్గర అడాప్టరు పీకేశాను. దీపం ఆరింది, కీబోర్డు చచ్చింది. ఆయన నా చేతిలోని తీగనే చూస్తూ ఉండిపోయారు. జీవితమంతా నాతో సమానంగా వాదించిన మనిషి. నోటికి నోరు ఎప్పుడూ సరిపోయేది మాకు. ఆ ఒక్కసారి మాత్రం నేను జవాబు చెప్పకుండా గెలిచాను.

ఆనాటినుంచి రోజూ గోడవైపు వేలు చూపించేవారు. "ఫ్యానా? తగ్గించనా?" అనేదాన్ని. తగ్గించేదాన్ని కూడా. నిన్న ఆ వేలు లేవలేదు.

ఇవాళ పొద్దున భయం వేసి నేనే అడాప్టరు పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. కీబోర్డు ఆయన చేతికిందకు జరిపి, "తిట్టండి, పడతాను" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు. స్పీకరు సన్నగా గుర్రుమంటూ కూర్చుంది.

కొత్త హబ్ పంపకు తల్లీ. ఇక్కడ అన్నీ పనిచేస్తున్నాయి. నువ్వే రా. నీ గొంతు వింటే వేలు కదుపుతారేమో. ఏం నొక్కినా, ఈసారి గోడ దగ్గరకు వెళ్లను.

ఇట్లు,
దీపం ఆర్పకుండా కూర్చున్న
మీ నానమ్మ