మారువారం వేషం

మే 7

శాంతీ,

నీ ఉత్తరం అందింది. అత్త చేను మీదికి వెళ్లిన వేళ వచ్చింది కాబట్టి పోస్టుమేన్ నా చేతికే ఇచ్చాడు. నా ఫోన్ అత్త దగ్గరుంది. మొగుడు పోయిన ఆడదానికి ఫోనెందుకంది, ఇచ్చేశాను. అందుకే ఇలా రాస్తున్నాను. రాయగడ ఆసుపత్రిలో డ్యూటీ దిగాక, భోజనం చేసి చదువుకో. ముందే చదివితే అన్నం సయించదు.

మా ఊరి సంబరం నిన్నటితో అయిపోయింది. నరసన్నపేట కాలేజీలో ఉండగానే నాకు పెళ్లయింది కదా, అప్పుడు నిన్నొకసారి ఇక్కడికి తీసుకొచ్చాను. తప్పెటగుళ్లు, పులివేషాలు, రంగులరాట్నం చూశావు. ఈ కోస్తా పొడవునా వైశాఖమంతా ఊరి తర్వాత ఊరికి ఇదే సందడి. సముద్రంలో చేపల వేట నిషేధం కాబట్టి పక్క పేటల మగవాళ్లు కూడా మా ఊళ్లోనే తిరుగుతుంటారు. నువ్వు వచ్చిన ఏడు ఊళ్లో చావు లేదు. అందువల్ల పోయినోళ్ల వేషం నువ్వు చూడలేదు.

ఆ ఏడాది ఎవరింట్లో మనిషి పోతే ఆ ఇంటివాళ్లలో ఒకరు పోయినవాళ్ల బట్టలు కడతారు. ముఖానికి బియ్యప్పిండి పూస్తారు. సంబరం జరిగినన్నాళ్లూ ఊరంతా వాళ్లని పోయినవాళ్ల పేరుతోనే పిలవాలి. తిట్టుకోవలసింది తిట్టుకుంటారు, పెట్టవలసింది పెడతారు. ఆఖరి రోజు మిట్టమధ్యాహ్నం అమ్మవారిని సాగనంపే అనుపుతో పాటు వేషాన్ని కూడా పొలిమేర దాటిస్తారు. అక్కడ ఆ బట్టలు విడిచేసి, కాలువలో మునిగి, తడిగుడ్డతో ఒంటరిగా ఇంటికి రావాలి. దారిలో ఎవరూ చూడరు, పలకరించరు. గుమ్మం దగ్గర తల్లి సొంత పేరు పెట్టి పిలుస్తుంది. తల్లి లేకపోతే ఆ ఇంటి ఆడవాళ్లలో పెద్దది పిలుస్తుంది. పలికాక ఆ మనిషి మళ్లీ ఆ మనిషే.

మా ఆయన అప్పలసూరి మాఘంలో వేరుశనగ చేలో మోటారు బాగుచేస్తూ కరెంటు తగిలి పోయాడు కదా. ఆయన వేషం మా మరిది వెంకీ కట్టాడు. వెంకీ గురించి నీకు తెలుసు, నోట్లో మాట బయటికి రాని మనిషి. వేషాలు కట్టించే సోములు మావ పిండి పూస్తుంటే తలొంచుకుని కూర్చున్నాడు. లేచాక మాత్రం భుజం ఒక పక్కకి వాల్చి నడిచాడు. ఆయన నడక అది. వెనకనుంచి చూసి నేను సంతోషించాను శాంతీ. కొంచెం సేపే. ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

వీధిలో సోములు మావ అడ్డం నిలబడ్డాడు.

"ఒరే అప్పలసూరీ, నా గొడ్డలి ఎక్కడెట్టినావురా?"

"నాతో అట్టుకెల్లిపోనాను మావా. నువ్వూ రా, ఇచ్చెస్తాను."

అందరూ పగలబడి నవ్వారు. వెంకీ అంత చురుగ్గా జవాబు చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

నిన్న మధ్యాహ్నం పొలిమేర నుంచి తడిగుడ్డతో వచ్చాడు. వీధి వీధంతా తలుపులు మూసుకున్నారు. ఎండకి నేల తెల్లగా మెరుస్తోంది. నేను లోపల కిటికీ పక్కన ఉన్నాను. గుమ్మంలో అత్త నిలబడింది. ఆమె పిలవవలసిన పేరు వెంకీ.

"ఒరే అప్పలసూరీ! రారా నాయనా, అన్నం సల్లారిపోతాది" అని పిలిచింది.

అతను కదలలేదు. ఒంటిమీది నీళ్లు మట్టిలో ఇంకిపోతున్నాయి. అత్త మళ్లీ అదే పేరు పెట్టి పిలిచింది. చాలాసేపటికి "వస్తన్నానమ్మా" అని లోపలికొచ్చాడు. నా పక్కనుంచి వెళ్తూ వదినా అనలేదు.

ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటాడులే అనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నీ యమున

మే 11

శాంతీ,

తేరుకోలేదు.

ఆయన మంచం మీదే పడుకుంటున్నాడు. వెంకీకి ఎండుచేపల పులుసంటే ప్రాణం. మొన్న వండితే కంచం పక్కకి తోసి, "ఇది నాను తిననని తెలీదేటి?" అన్నాడు. తిననిది ఆయన. నీళ్లు తాగి మిగిలినవి గుమ్మం బయట పోస్తున్నాడు. అదీ ఆయన అలవాటే. అన్నదమ్ములు ఒకే ఇంట్లో పెరిగారు, చూసి నేర్చుకున్నవే అని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

నిన్న అన్నాలయ్యాక నేను గదిలో నడుం వాల్చాను. ఎండకి ఊళ్లో కాకి కూడా అరవడం లేదు. అవతలి వరండాలోంచి గోడ మీద వేలి కణుపులతో కొట్టిన చప్పుడైంది. మెల్లగా, ఆగి ఆగి. నేను మేలుకుని ఉన్నానో లేదో తెలుసుకోవడానికి ఆయన అలా కొట్టేవాడు. పెళ్లయిన కొత్తలో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ సంగతి నీకు కూడా చెప్పలేదు. నేను ఊపిరి బిగబట్టి పడుకున్నాను. చప్పుడు ఆగింది. కాసేపటికి నా తల దగ్గర, గోడకి సరిగ్గా అటువైపు, మళ్లీ మొదలైంది.

లేచి బయటికి వెళ్లి "వెంకీ" అన్నాను. అతని కళ్లు నా వైపు తిరిగాయి. లోపలెక్కడో ఉన్న మనిషి తలెత్తి చూసినట్టనిపించింది. అంతలో అత్త వంటింట్లోంచి, "సూరీ, ఎవులితో మాటాడతన్నావురా?" అంది. ఆ కళ్లు మళ్లీ ఖాళీ అయిపోయాయి.

"నీ మరిది ఎక్కడున్నాడే ఇక్కడ?" అంది అత్త నాతో. "నాకిద్దరు కొడుకుల్లో ఒకడు పోనాడు. పోనోడు వెంకీ అనుకుంటాను. సిన్నోడు, పెళ్లాం లేదు, పిల్లల్లేరు. పెద్దోడుంటే నీ బతుకూ నిలబడతాది. నీ మంచికే సెప్తన్నాను."

"అత్తా, నీ కడుపున పుట్టినోడు కాడా వెంకీ?"

"కాబట్టే గదా, వాడి ఊపిరి వాడి అన్నకిస్తే తప్పేటి?"

కోపంగా అనలేదు శాంతీ. బియ్యంలో రాళ్లు ఏరుతూ అంది.

ఊరు మొదట గొణిగింది. ఇప్పుడు అలవాటు పడుతోంది. మైదానంలో క్రికెట్ ఆడే కుర్రాళ్లు సూరన్నా అని పిలుస్తున్నారు. సరదాకే మొదలుపెట్టారు, ఇప్పుడు వాళ్లు నవ్వడం లేదు. మా నాన్నకి అత్త ఫోన్ చేసి నాకిచ్చింది. "అత్త సెప్పినట్టు నడుసుకో అమ్మా, ఏదో ఒక పేరు" అన్నాడు. అత్త నా మట్టెలు పెట్టెలోంచి తీసి పీటమీద పెట్టింది. మారువారం అయిన మర్నాడు అతనికీ నాకూ ఒకే గదిలో చాప వేస్తుందట.

మంగళవారం మారువారం. సంబరానికి రాలేనివాళ్ల కోసం వారం తిరిగాక చిన్నగా మళ్లీ చేస్తారు. వేషం మొక్కులు మిగిలిపోయినవాళ్లు కూడా ఆ రోజే తీర్చుకుంటారు.

పారిపోవచ్చుగా అంటావు. బతికుండి వెళ్తే అతను మొగుడిగా వచ్చి తీసుకుపోతాడు. ఊరు అతని వెనకే ఉంటుంది. అందుకని ఇంకో దారి ఆలోచించాను. విజయనగరంలో మీ పిన్ని పద్మజగారి లేడీస్ హాస్టల్లో వంటకి మనిషి కావాలన్నావు. నీ జవాబు వచ్చేదాకా ఉండలేను. నేను వస్తానని ఆమెకి చెప్పు.

నీ యమున

మే 15, విజయనగరం

శాంతీ,

చేరాను. మీ పిన్ని మంచిదే, ఎక్కువ అడగదు. ఇక్కడిదాకా ఎలా వచ్చానో నీకు చెప్పాలి.

ఆదివారం పొద్దున్నే సోములు మావ ఇంటికి వెళ్లాను. తప్పెటలకి తాళ్లు బిగిస్తున్నాడు.

"మావా, మారువారానికి ఒక వేషం కట్టాల."

"ఎవులిదే?"

"యమునది."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి తప్పెట పక్కన పెట్టాడు.

"మతిపోనాదేటే గుంటా? బతికున్నోళ్ల వేషం ఎక్కడైనా కడతారా?"

"బతికున్నోడిని సచ్చినోడిని సేసినప్పుడు ఊరు అడిగిందేటి మావా? నువ్వడిగినావా?"

తాడుకి ఇంకో ముడి వేశాడు. "కట్టేది ఎవులు మరి?" అన్నాడు. నేనే అన్నాను. "నీ వేషం నువ్వే కడితే, తిరిగొచ్చి పలకాల్సింది ఎవులే?" అన్నాడు. "తిరిగి రాను" అన్నాను.

మంగళవారం పొద్దున్న సోములు మావే నాకు పిండి పూశాడు. అత్త కిందటేడు కొనిచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకున్నాను. వీధిలోకి రాగానే ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. ఎదురింటి లక్ష్మీనరసమ్మ పిన్ని ముందుకొచ్చింది. ఆమెకి అర్థమైందో, ఆట అనుకుందో తెలీదు.

"ఒసే యమునా, బతికున్నన్నాళ్లూ ఒక్కనాడు మా గడప తొక్కినావేటే? సచ్చినాక తీరిందా?" అంది.

"అత్త ఒగ్గితే గదా పిన్నీ" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఊరు ఒప్పేసుకుంది. తర్వాత ప్రతి ఇంట్లోనూ నా గురించి నా ముందే చెప్పుకున్నారు. మంచి పిల్ల, ఒళ్లు దాచుకునేది కాదు, పాపం పిల్లల్లేకుండా పోయింది అన్నారు. వింటుంటే నా కాళ్లు చల్లబడ్డాయి. అంత ఎండలో కూడా ఇసక కాలలేదు. కుర్రాళ్లు ఫోన్లలో ఫోటోలు తీశారు. పక్కన రంగులరాట్నం తిరుగుతూనే ఉంది.

భయపడింది మా ఇంటి ముందే. అత్త తలుపు వేసుకుంటుంది, గొడవ చేస్తుంది అనుకున్నాను. కంచంలో పెరుగన్నం కలిపి తెచ్చింది. తన చేత్తో ముద్దలు పెట్టింది.

"తినే. దూరం ఎల్లాల" అంది.

నా ముఖంలోకి, నా చీరలోకి, నిదానంగా చూసింది. నా కొలతలు తీసుకుంటున్నట్టు చూసింది. ఎందుకో అప్పుడు తెలీలేదు. ఆమె వెనక అతను నిలబడ్డాడు. గుమ్మం చెక్క మీద వేలి కణుపులతో మెల్లగా కొట్టాడు. నేను తల ఎత్తలేదు.

మిట్టమధ్యాహ్నం తప్పెటలు పొలిమేర దాకా వచ్చి ఆగిపోయాయి. అందరూ వీపులు తిప్పి వెళ్లిపోయారు. సోములు మావ తుమ్మచెట్టుకి తగిలించి ఉంచిన పాత చీర కట్టుకుని, ఆకుపచ్చది అక్కడే విడిచి, కాలువలో మునిగాను. ఊరి వైపు వెళ్లవలసిన దాన్ని రోడ్డు వైపు నడిచాను. చేలల్లో మనుషులున్నారు. నన్ను చూడకుండా తలలు వంచుకున్నారు. గేదెలు తోలుకొస్తున్న ముసలాయన కళ్లు మూసుకుని నిలబడ్డాడు, నేను దాటిపోయేదాకా.

ఆటోవాడు "ఎక్కడికమ్మా" అనేదాకా నేను ఉన్నానో లేదో నాకు నమ్మకం చిక్కలేదు.

యమున

జూన్ 8, విజయనగరం

శాంతీ,

పని కుదిరింది, నిద్ర పడుతోంది అని కిందటి వారం మీ పిన్ని ఫోన్లో చెప్పాను. నిజమే చెప్పాను. ఇప్పుడు రాసేది ఫోన్లో చెప్పలేనిది.

నిన్న కూరగాయలకి మార్కెట్‌కి వెళ్లాను. గాజుల కొట్టు దగ్గర లక్ష్మీనరసమ్మ పిన్ని కనిపించింది. ప్రాణం లేచొచ్చి "పిన్నీ" అన్నాను. ఆమె చూపు నా మీదికి వచ్చి, ఆగకుండా, నా వెనక గోడ మీదికి పోయింది. చేతిలో గాజులు కిందపెట్టి కొట్టతనితో మాట్లాడడం మొదలుపెట్టింది. గట్టిగా, మా అత్త పేరెత్తి, నాకు వినపడేలా.

"మా ఊళ్లో కూర్మమ్మని ఒకామె ఉన్నాది బాబూ. కోడలు పోనాది. నెల తిరక్కుండా కొత్త కోడల్ని తెచ్చీసినాది. ఒరిస్సా అంచున ఏదో ఊరు. అమ్మా బాబూ లేని గుంట."

"మంచిదేగా అమ్మా" అన్నాడు అతను.

"ఏటి మంచి? పొలిమేర కాడ ఒగ్గేసిన సీర, సచ్చినోళ్ల సీర, ఎవులూ ముట్టుకోనిది, ఎల్లి తెచ్చినాది. ఆ గుంటకి కట్టి గుమ్మం ముందు నిలబెట్టి, 'యమునా, రాయే' అని పిలిసినాది. గుంట బిత్తరపోయి సూసినాది. ఆకలి మీదున్నాదేమో, పలికీసినాది."

కొట్టతను నవ్వి, ఏ సైజు అని అడిగాడు. ఆమె సైజు చెప్పలేదు.

"దాని పేరు సిన్నతల్లి బాబూ" అంది గోడకేసి చూస్తూ. "ఇప్పుడు ఆ పేరు ఎవులూ పిలవరు. ఆ ఇంట్లో పగటేల గోడ సప్పుడవతాదట. ఆ గుంట నాకు సెప్పి ఏడ్సినాది." కొంగుతో ముఖం తుడుచుకుని, గాజులు కొనకుండానే వెళ్లిపోయింది.

రాత్రి వంట చేస్తూ అన్నం మాడ్చేశాను. ఆ రోజు అత్త నాకు గొడవ లేకుండా ముద్దలు ఎందుకు పెట్టిందో అర్థమైంది. నన్ను సాగనంపలేదు శాంతీ. నా చోటు ఖాళీ చేయించుకుంది. నేను తప్పించుకున్నానని అనుకున్నాను. ఆ చోట్లో ఇంకొక పిల్లని దింపడానికి దారి వేసిచ్చింది నేనే.

మీ పిన్నికి చెప్పి సెలవు తీసుకున్నాను. రేపు పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. భయం లేదని రాయను. కానీ లెక్క ప్రకారం ఆ ఊళ్లో నన్ను ఎవరూ చూడకూడదు, పలకరించకూడదు. చూడనివాళ్లు అడ్డం కూడా రాలేరు. వీధి మధ్యలోంచి నడిచి వెళ్తాను. ఆ పిల్లకి తల్లి లేదు. అత్త పిలవవలసిన పేరు పిలవదు, ఆమె తర్వాత ఆ ఇంటికి పెద్దదాన్ని, పెద్దకోడలిని నేను. గుమ్మం ముందు నిలబడి చిన్నతల్లీ అని పిలుస్తాను, పలికేదాకా. చెయ్యి పట్టుకుని బస్సెక్కిస్తాను. ఆ వెంటనే వెంకీ అని కూడా పిలుస్తాను. అతనిలో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వస్తాడు.

నువ్వు ఆదివారం చర్చిలో పేర్లు చెప్పి ప్రార్థన చేస్తావు కదా. ఆ ఇద్దరి పేర్లూ చెప్పు, సరిగ్గా, పైకి వినపడేలా చెప్పు. నా పేరు నేను చూసుకుంటాను.

యమున