నీలం గుండుకు బెజ్జాలు

జులై 6, శనివారం

అంజిగా, ఈరోజు నిత్యానందం వచ్చాడు. హైదరాబాదు బౌలింగ్ సెంటర్లో నీ పక్కన డ్రిల్లింగ్ మిషను దగ్గర నిలబడేవాడే, ఆ గిద్దలూరు పిల్లోడు. ఇప్పుడు పొట్ట వచ్చింది. నన్ను చూసి ఏడుస్తాడేమో అని భయపడ్డాను. ఏడవలేదు. అమ్మా, మార్కాపురంలోనే బౌలింగ్ పెట్టినాను, కంభం రోడ్డులో మేడ మీద, రెండే లేన్లు, నువ్వొచ్చి ఆడాల అన్నాడు.

గుండు దొర్లించి పిన్నుల్ని పడగొట్టే ఆ ఆట నేను ఆడి మూడేళ్లు దాటింది. నీ దగ్గర ఉన్నప్పుడు, పొద్దున్నే సెంటరు తెరవకముందు, చీర కుచ్చిళ్లు ఎగదోపి ఆడేదాన్ని. నువ్వు పోయాక ఆ ఆట పేరే ఎత్తలేదు.

మరి నీలం బాల్ ఉందా, అంజి నీకోసం కొన్నది, వేళ్లు పెట్టే బెజ్జాలు ఇంకా వెయ్యనిది అని అడిగాడు. ఉంది, దేవుడి గూట్లో ఉంది అన్నాను. చూపించమన్నాడు.

చేత్తో ఎత్తాడో లేదో జారింది. పొట్టకు అదుముకుని ఆపాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ఏందమ్మా ఇది, నువ్వుల నూనె వాసనొస్తాంది అన్నాడు. అవును, శనివారం శనివారం నూనె రాసి బొట్టు పెడుతున్నాను అన్నాను. అంతే, గోడకు ఆనుకుని కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు. ఈ బాల్ పైతోలు నూనె తాగుతాదమ్మా, మూడేండ్లు తాగి తాగి మత్తులో ఉంది, లేన్ మీద వేస్తే తిరగదు, జారుకుంటా పోతాది అన్నాడు.

నాకేం తెలుసు. పక్కింటి రోశమ్మ మొదటిసారి చూసినప్పుడు, ఇంత పెద్ద సాలగ్రామం ఏ క్షేత్రంలో దొరికింది వదినా అని దణ్ణం కూడా పెట్టింది. నేను కాదనలేదు.

నీ గీతల జోలికి మాత్రం పోలేదు. బెజ్జాలు ఎక్కడ రావాలో తెల్ల పెన్సిలుతో గీసి, చెరగకుండా పైన టేపు అంటించావు కదా. వచ్చే వారం వేస్తానమ్మా అన్నావు. ఆ వారమే డెంగీ.

జులై 7, ఆదివారం

గుండుకు తలంటు పోశాం.

నూనె దిగాలంటే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి సబ్బుతో కడగాలట. నిత్యానందం లిక్విడ్ సబ్బు తెచ్చాడు. నూనె తలకు కుంకుడు రసం పోస్తే గానీ నా మనసు ఒప్పదు. రెండూ పోశాను. కాసేపటికి బకెట్లో పైకి తేలింది చూడు నూనె, తెట్టులు తెట్టులుగా! మూడేళ్ల శనివారాలన్నీ తేలాయి. నిత్యానందం చప్పట్లు కొట్టాడు. రోశమ్మ గోడ మీదుగా చూసి, సాలగ్రామాన్ని సబ్బుతో రుద్దుతావేంది వదినా అని గుండె బాదుకుంది. నవ్వలేక బకెట్ పక్కనే కూలబడ్డాను. నేను అంత గట్టిగా నవ్వడం విని మీ నాయన బయటికొచ్చాడు. లోపలికి పోయి తుండుగుడ్డ తెచ్చిచ్చాడు.

ఇంక లేఅవుట్ చూసుకోవాల అన్నాడు నిత్యానందం. ఏడ, తర్లుపాడు రోడ్డులోనా, అక్కడ ప్లాట్లకు నీళ్లు పడవు అన్నాడు మీ నాయన. గుండు మీద బెజ్జాలు ఎక్కడెక్కడ వెయ్యాలనే లెక్కను లేఅవుట్ అంటారని చెప్తే, ఇంత గుండు మీద లేఅవుట్ ఏందిరా అని సాగదీశాడు. చాన్నాళ్ల తర్వాత పరాచికం ఆడాడు.

జులై 10, బుధవారం

గుండు వాసన చూశాను. నూనె వాసన పోయింది. నీ చొక్కాల వాసన ఎప్పుడో పోయింది.

జులై 12, శుక్రవారం

నిత్యానందం బౌలింగ్ మేడ మెట్లు ఎక్కాను. పైకి పోగానే అదే చప్పుడు. పిన్నులు పడే చప్పుడు. చెవులు మూసుకుందామనుకున్నాను. మూసుకోలేదు.

నిత్యానందం ఒక ఎర్ర గుండుకు తెల్ల టేపు అంటించి, వెయ్యమన్నాడు. గుండు ఎంత తిరుగుతోందో టేపును బట్టి తెలుస్తుందట. ఫోన్లో వీడియో తీశాడు. నా మణికట్టు బిగుసుకుపోయింది. గుండు కొమరోలు బస్సులాగా నిదానంగా పోయి, పక్కన మూడు పిన్నుల్ని పడేసింది. రెవ్వులు బాగా తగ్గినాయమ్మా అన్నాడు. రెవ్వులంటే గుండు తిరిగే తిరుగుడు.

తర్వాత నీలం గుండు మీద నీ గీతల దగ్గర నా వేళ్లు పెట్టించాడు. అందలేదు. బొటనవేలి కణుపు లావెక్కింది, వేలు సాగదు.

అప్పుడు చెప్పాడు. గుండు లోపల బరువు గడ్డ ఒకటి ఉంటుంది, దానికి బెజ్జాలు ఎటు, ఎంత దూరంలో ఉన్నాయన్న దాన్ని బట్టి గుండు నడక మారుతుంది. అప్పుడు నువ్వు గిర్రున తిప్పేదానివి, అందుకని అంజి ఇది చివరిదాకా నిద్రపోయినట్టు నేరుగా పోయి, పిన్నుల కాడ లేచి వంగేట్ల గీసినాడు, ఇప్పుడు నీ చేతికి అట్ల వేస్తే ఇది నిద్రలోనే గోడకు పోయి కొట్టుకుంటాది, ముందే లేచేట్ల బెజ్జాలు జరపాల అన్నాడు.

మరి ఆ గీతలు? అన్నాను.

తుడిచేయాల అన్నాడు. నేల వైపు చూస్తూ అన్నాడు.

వాడు గీసినట్టే వెయ్యి, లేకపోతే వద్దే వద్దు అన్నాను. సరే నీ ఇష్టం అమ్మా, కానీ ఒకసారి వేస్తే మళ్లీ పూడ్చినా మొదటిలా ఉండదు అన్నాడు. గుండు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. అందరి మీదా కోపం వచ్చింది. నిత్యానందం మీద, నా బొటనవేలి మీద, నీ మీద కూడా.

జులై 13, శనివారం

ఈ శనివారం నూనె రాయలేదు. గుండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మీ నాయన పలకలు చేసే యూనిట్లో పని నుంచి వచ్చి ఏంది సంగతి అన్నాడు. చెప్పాను. నువ్వు పోయాక ఆయన నీ పేరు పలకలేదు. నేను నీ పేరెత్తితే లేచి పోతాడు. ఇవాళ పోలేదు. చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

ఏమే, అంజిగాడు ఈ గీతలు గీసింది నీ చెయ్యి పట్టుకుని చూసినాకనా, ఉత్తగానా అని అడిగాడు. పట్టుకునే, ఒక్కో వేలూ కొలిచి గీశాడు అన్నాను.

మరి ఇప్పుడు వాడే వచ్చి కూర్చుంటే, పాత చెయ్యి ఏడ తెస్తావు? అన్నాడు.

అని నా చెయ్యి తీసుకుని, లావెక్కిన కణుపు మీద వేలితో నొక్కి చూశాడు. నొస్తాందా అన్నాడు. కొంచెం అన్నాను. ఇద్దరం ఏడ్చాం. ఏడిస్తే ఇంత తేలిగ్గా ఉంటుందని మర్చిపోయాను.

జులై 15, సోమవారం

మళ్లీ మేడకు పోయి, టేపు నేనే పీకాను. నిత్యానందం ఫోటో తీసుకుంటానన్నాడు. నువ్వు తీసుకో, నాకు వద్దు అన్నాను. స్పిరిట్ గుడ్డతో నేనే తుడిచాను. మొదట గీత, తర్వాత చుక్క. కాటుక తుడిచిన చంటిపిల్ల ముఖంలా అయింది గుండు.

తర్వాత నిత్యానందం నా చెయ్యి పట్టుకున్నాడు. ఎలా పట్టుకున్నాడనుకున్నావు, నువ్వు పట్టుకున్నట్టే! మణికట్టు కింద అరచెయ్యి పెట్టి, వేళ్లు వదులు చెయ్ అమ్మా, బస్సులో కమ్మీ పట్టుకున్నట్టు బిగించొద్దు అన్నాడు. అవి నీ మాటలే. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే, ఎక్కడేంది, వాడి దగ్గరే, ఆట మానేసి తిరిగొచ్చినోళ్లకు పాత కొలతలు చూడనిచ్చేవాడు కాదు, ముందు చెయ్యి చూడరా అని తల మీద ఒకటి ఇచ్చేవాడు అన్నాడు.

ఈ మాట శుక్రవారమే చెప్పొచ్చు కదరా అన్నాను. చెప్పేలోపల ఆటో ఎక్కినావు కదమ్మా అన్నాడు.

మిషను తిరిగింది. నీలం పొట్టు రాలింది. మూడు బెజ్జాలు. బొటనవేలు పెట్టి తీస్తే టప్ మని వచ్చింది.

జులై 21, ఆదివారం

అయ్యో అంజిగా, ఏం చెప్పేది!

మేడ మీద ఊరంతా ఉన్నట్టుంది. రోశమ్మ కూడా పట్టుచీర కట్టుకొచ్చింది. సాలగ్రామం ఏం చేస్తుందో చూడాలట. నా మొదటి గుండు నేరుగా లేన్ పక్కనున్న గుంటలోకి పోయింది. నూనె ఇంకా దిగలా వదినా అని రోశమ్మ అరిచింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రెండోసారి వేళ్లు వదులు చేశాను. గుండు మెల్లగా పోయింది. ఎంత మెల్లగా అంటే, మీ నాయన లేచి లేన్ గీత దాకా నడిచి, పో పో పో అని గొడ్లను తోలినట్టు తోలాడు. కుడివైపుకే పోతోంది. పాయె అనుకున్నాను. సగం దాటాక ఒళ్లు విరుచుకున్నట్టు ఎడమకు వంగింది. వంగింది అంజిగా, నా చేతి గుండు వంగింది! మధ్యలోకి దూరి తొమ్మిదింటిని పడేసింది. పదోది ఊగింది, ఊగింది, నిలబడింది.

మీ నాయన, మా అంజిగాడి గుండు అది, మా అంజిగాడిది అని తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ చెప్తున్నాడు. నీ పేరు అన్నిసార్లు, అంత గట్టిగా. మిగిలిన ఆ ఒక్క పిన్నును నేను చూడనే లేదు. ఆయన్నే చూస్తున్నాను.

జులై 22, సోమవారం

భుజం నొప్పి. మంచి నొప్పి. వచ్చే ఆదివారం కూడా పోతాను. నువ్వు వేళకు కడుపునిండా తిను.